కోనసముద్రపు ఉక్కు – పాడువడిన ఆకరముల చరిత్రము

శ్రీ విశ్వకర్మణే నమః



ఈ వార్షిక మహాసభా సంచికకు మన కులవృత్తుల పూర్వచరిత్రమును గూర్చి యొక వ్యాసము వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు కోరినప్పుడు, శిల్పశాస్త్రములను గూర్చియో, దేవాలయనిర్మాణమును గూర్చియో నేను వ్రాయుదునని వారు తలచియుందురు. అట్టి వ్యాసములు మన సంచికలలో మున్ను పెక్కు వెలువడినవి. పండితులైనవారు వానిని వ్రాసియున్నారు. నేను ఈ మాఱు శిలను, సువర్ణమును విడిచి, నల్లని ఇనుపచిట్టెమును గూర్చి వ్రాయ నెంచితిని. దీనికి కారణము నేనొకప్పుడు చేసిన యొక యపరాధము. దానిని ముందుగా విన్నవించుకొందును.

నేను ముప్పదియేండ్లకు మించి ఉన్నత పాఠశాలలలో సంస్కృతాంధ్రములను బోధించితిని. ఉత్తర తెలంగాణమున నొక గ్రామమున పనిచేయుచుండిన కాలమున, ఎనిమిదవ తరగతి బాలుడొకడు నల్లగా, బరువుగా, అచ్చటచ్చట గాజువలె మెఱయుచుండిన యొక ముద్దను దెచ్చి నా బల్లపై నుంచెను. "సార్, ఇది మా చేన్ల దొరికింది. ఎంత దున్నినా ఎల్తనే ఉంటయి. మా తాత దీన్ని మమ్మాయి రాయి అంటడు, కాలు తగలనియ్యొద్దంటడు. ఇది ఏం రాయి సార్?" అని యడిగెను. నా కది తెలియదు. తెలియదని చెప్పుటకు మనసొప్పలేదు. "రాయి రాయియే; నీవు పోయి శబ్దములు వల్లింపుము" అని పంపివేసితిని. బాలుడా ముద్దను తరగతి కిటికీలో నుంచి తన చోట గూర్చుండెను. అది చాలకాలము అచ్చటనే యుండెను.

ఉద్యోగవిరమణానంతరము తీరికగా కౌటిల్యుని యర్థశాస్త్రమును మరల జదువుచుండగా, రెండవ యధికరణమున ఆకరాధ్యక్షుని ప్రకరణము వచ్చినది. ఆకరమనగా గని. గనుల యధికారి క్రొత్త గనులనే కాక, పూర్వము పనిచేసి పాడువడిన గనులను గూడ గుర్తింపవలెనని యచ్చట చెప్పబడినది. గుర్తించుటెట్లు? దానికి కౌటిల్యుడు చూపిన చిహ్నములు నాలుగు: కిట్టము, మూష, అంగారము, భస్మము. అనగా చిట్టెము, మూస, బొగ్గు, బూడిద. ఆ ప్రకరణమును నే నంతకుముందు రెండు మూడు మాఱులు చదివియుంటిని. కాని యా దినమున నది నా కన్నులముందు కిటికీలోని నల్లని ముద్దను నిలిపినది. నేను చదివిన శాస్త్రమునకు సాక్ష్యము ఆ బాలుని యఱచేతిలో నుండినది. నేను దానిని చూడనైతిని.

కావున ఆ నాలుగు చిహ్నముల వెంటనే నడచి, మన ప్రాంతపు ఇనుము, ఉక్కుల చరిత్రమును నాకు తెలిసినంతవఱకు విన్నవించెదను.

కిట్టము

గనియనగానే నేటివారికి లోతైన సొరంగము, దీపముల వరుస, యంత్రములు తోచును. మన పూర్వుల ఇనుపగని అట్టిది కాదు. గోదావరికి దక్షిణమున నిజామాబాదు, జగిత్యాల, కరీంనగరము ప్రాంతములలోను, ఉత్తరమున నిర్మలు ప్రాంతములోను ఇనుము నేలమీదనే కలదు. కొన్ని గుట్టలలో అయస్కాంతశిలయు తెల్లని స్ఫటికశిలయు పొరలు పొరలుగా నుండును. వర్షము లా గుట్టలను కోసి, బరువైన నల్లని యిసుకను వాగులలోనికి దెచ్చును. మఱికొన్ని చోట్ల ఎఱ్ఱని మొరములో ఇనుము కలదు. పనివారు మోకాటిలోతున గుంటలు త్రవ్వి రాతిని దీసిరి. వాగులో నిసుకను నీటితో గడిగి తేలికయైనదానిని పోనిచ్చి, నల్లనిదానిని నిలుపుకొనిరి. గుంట పూడిపోగానే గని కంటికి మాయమగును. దానిపై జొన్నచేను పెరుగును. చిట్టెము మాత్రము పోదు.

చిట్టెమనునది కిట్టశబ్దమున కలిగిన తెలుగుమాటయే. ఇనుపరాతిలో ఇనుము ఆమ్లజనితో గూడియుండును. మట్టితో గట్టిన నిలువు కొలిమిలో రాతిని, కట్టెబొగ్గును పొరలుగా బోసి, తోలుతిత్తులతో గాలి నూదినచో, బొగ్గునుండి పుట్టిన వాయువు ఆమ్లజనిని గొనిపోవును. రాతిలోని మట్టిభాగము కరగి చిట్టెమై క్రిందికి జాఱును. ఇనుము పూర్తిగా కరగక, స్పంజువలె రంధ్రములు గల ముద్దయై కొలిమిలో మిగులును. ఆ ముద్దను వెలికిదీసి వేడిమీదనే సమ్మెటలతో మోదినచో, మిగిలిన చిట్టెము కాఱిపోయి మేలైన ఇనుము నిలుచును. ఈ పని యంతయు కంటి యంచనాతోను, చెవితోను జరిగినది. మంట రంగు చూచి వేడి నెఱుగుట, తిత్తి చప్పుడు విని గాలి నెఱుగుట కొలిమిపెద్దకు విద్య.

ఈ విద్య నిన్నమొన్నటిది కాదు. శాతవాహనుల కాలపు స్థలమైన పెద్దబంకూరున జరిగిన త్రవ్వకములలో ఇనుప పనిముట్లును, కమ్మరికొలిమి జాడయు బయల్పడినవి. రసశాస్త్రకారులు ఇనుమును ముండము, తీక్ష్ణము, కాంతము అని మూడు విధములుగా విభజించిరి. రసరత్నసముచ్చయమున ఈ విభాగము కలదు. తీక్ష్ణమనునది ఉక్కు. చిట్టెమును గూడ వారు విడిచిపెట్టలేదు. ఎంత పాతదైన నంత మేలని, నూఱేండ్లు గడచినది శ్రేష్ఠమని చెప్పి, మండూరమను పేరుతో నౌషధములలో జేర్చిరి. మన దిబ్బలమీది చిట్టెమును వైద్యులు వెదకికొనిపోయిన కాలము కలదన్న మాట.

2010వ సంవత్సరమున బెంగుళూరునందలి జాతీయ ఉన్నతాధ్యయన సంస్థవారును, ఇంగ్లండునందలి ఎక్సెటర్ విశ్వవిద్యాలయమువారును గూడి ఉత్తర తెలంగాణమున ఊరూర దిరిగి ఇట్టి స్థలములను పరిశీలించిరి. రెండువందలకు మించిన తావులలో వారికి ఇనుపపని జాడలు గానవచ్చినవి. ఒక్క చోటనో, రెండు చోట్లనో కాదు. దేశమంతయు నొక కొలిమివలె నుండెనని యీ పరిశీలనవలన తెల్లమైనది. అంతకు ముందే కరీంనగరము ప్రాంతపు చరిత్రపరిశోధకులు ఏండ్ల తరబడి కాలినడకన దిరిగి ఈ దిబ్బలను గుర్తించియుండిరి. వారి శ్రమ లేనిదే పైవారి కీ దారి దొరకి యుండదు.

ఇట్టి గ్రామములు కొన్నిటిలో మమ్మాయి దేవి గుడి కలదు. ఉత్తర తెలంగాణమున మనవారు కొలుచు తల్లి ఈమె. ఏటేట ఉత్సవము చేయుదురు, కొలిమి ముట్టించునప్పుడు తలచుకొందురు. పెద్ద గోపురములు, శాసనములు ఆమెకు లేవు. చిట్టెపుదిబ్బ దాపున చిన్నగుడిలో నుండును. రాజులు గనులకు శాసనములు వేయింపలేదు, మనవారు వ్రాసియుంచలేదు. గని యెక్కడనో చూపుటకు తల్లి పేరు మాత్రము నిలిచినది. "మమ్మాయి రాయి" యని యా బాలుని తాత పలికిన మాట మూఢవిశ్వాసమని నేను నాడు తలచితిని. అది చిరునామా యని నేడు తెలిసికొంటిని.

మూష

ఇనుము దేశమంతట కరగినది. కాని యుక్కునకు పేరుగన్న గ్రామము కోనసముద్రము. ఇది నిజామాబాదు జిల్లాలో కమ్మర్‌పల్లి మండలమున నున్నది. గోదావరికి దక్షిణముగా సుమారు 12 మైళ్ళు, నిర్మలకు సుమారు 25 మైళ్ళు. ఈ గ్రామపు కొలుములను గూర్చి మనకు దెలిపినవాడు హెన్రీ వెస్లీ వాయిసీ అను ఆంగ్లవైద్యుడు. లాంబ్టన్ దొర నడపిన మహాత్రికోణమితి సర్వేలో భూగర్భశాస్త్రజ్ఞుడుగా పనిచేసి, 1824వ సంవత్సరమున మరణించెను. కోనసముద్రపు ఉక్కును గూర్చి ఆయన వ్రాసిన వృత్తాంతము, ఆయన గతించిన పిమ్మట 1832లో బంగాళా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటింపబడెను.

ఆ వృత్తాంతమును బట్టి, ఉక్కు చేయుటకు ఒక్క ఇనుము చాలదు. మెట్‌పల్లి వైపునుండి వచ్చిన యిసుక ఇనుము మూడుపాళ్ళు, కొండాపురపు ఇనుము రెండుపాళ్ళు కలుపవలెను. అగ్నికి నోర్చు మట్టిలో వరియూకను గలిపి చేసిన మూసలో ఈ రెండింటిని నించి, కొంత గాజును వేసి, మట్టిమూతతో గాలి చొరకుండ బిగింతురు. అట్టి మూసలను కొలిమిలో నమర్చి, ఎద్దుతోలు తిత్తులతో ఇరువదినాలుగు గంటలు ఎడతెగక ఊదుదురు. చల్లారిన పిమ్మట మూసను బ్రద్దలుకొట్టిన, లోపల సుమారు ఒకటిన్నర పౌను తూగు ఉక్కుబిళ్ళ యుండును. అది అప్పటికి పెళుసు. దానికి మట్టిపూత పూసి మరల మెల్లని వేడిలో పండ్రెండు, పదునాఱు గంటలు కాచుచు, ఈ విధముగా నాలుగుమాఱుల వఱకు చేసిన పిమ్మటగాని యది సుత్తికి లొంగదు.

ఈ పనిలోని రహస్యమును నేటి శాస్త్రము మన కెఱిగించుచున్నది. ఇనుములో కర్బనము అతిస్వల్పముగా నున్న నది మెత్తన. నూటికి మూడు, నాలుగు పాళ్ళున్న పోతయినుము, పెళుసు. నూటికి ఒకటి మొదలు రెండు పాళ్ళ వఱకు కర్బనము గలది ఈ మూసయుక్కు. ఇతర దేశములలోను, మైసూరు సీమలోను మూసలో ఆకులు, పుల్లలు వేసి కర్బనమును జేర్చిరి. కోనసముద్రమువారు కర్బనము హెచ్చు తగ్గులుగా గల రెండు ఇనుములను గలిపి సరియైన పాలు సాధించిరి. ఈ పద్ధతికి లోహచరిత్రకారులు హైదరాబాదు పద్ధతి యని, దక్కను పద్ధతి యని పేరిడిరి. కర్బనమను పదార్థ మొకటి కలదనియే యెఱుగని కాలమున, మూడింటికి రెండని పాలు కుదిర్చిన మేధ యెట్టిదో మనము తలపోయవలెను. అది దైవదత్తము కాదు. ఎన్నియో మూసలు పగులగా, ఎన్నియో ముద్దలు చెడగా, తరతరముల వారు ఓపికతో నేర్చినది.

వాయిసీ కోనసముద్రమునకు వచ్చినప్పుడు అచ్చట ఒక పారసీక వర్తకుని గాంచెను. ఇస్పహానునుండి వచ్చిన హాజీ హుస్సేను. ఉక్కుబిళ్ళలను కొనుటకు అతడు కొలుముల దాపున వేచియుండెను. ఈ గ్రామమును, ఇచ్చటి పనియును పారసీకమున బాగుగా నెఱుగుదురనియు, తమదేశమున నిట్టి యుక్కును చేయబోయి వారు విఫలులైరనియు వాయిసీ గ్రహించెను. ఇట్లు కొనిపోయిన బిళ్ళలతోనే పడమటిదేశముల ఖడ్గకారులు నీటియలల వంటి గీతలు గల కత్తులను చేసిరి. ఐరోపావా రా కత్తులకు దమాస్కసు నగరముపేర పేరిడిరి. నిర్మలు దాపునందలి దిమ్మదుర్తి ఇనుమును గూడ వాయిసీ ఇట్టి కత్తులకు సంబంధించినదానినిగా పేర్కొనెను. వాయిసీకి నూటయేబదియేండ్లకు ముందే, 1667వ సంవత్సర ప్రాంతమున గోలకొండ రాజ్యమున దిరిగిన థెవెనో అను ఫ్రెంచి యాత్రికుడు, ఇందల్వాయిలో ఖడ్గములు, బాకులు, బల్లెములు చేయబడి హిందూదేశమంతట అమ్ముడుపోవుచున్నవని వ్రాసెను. అదే శతాబ్దమున ఓలందా వర్తకులు మన కోస్తా రేవులనుండి ఇనుమును, ఉక్కును బటేవియాకు నోడలలో బంపిరి.

18వ శతాబ్దాంతమున ఈ యుక్కు ఆంగ్లవిద్వాంసుల కన్నులబడెను. 1794లో హెలెనస్ స్కాట్ అను వైద్యుడు బొంబాయినుండి లండనునందలి రాయల్ సొసైటీ అధ్యక్షుడగు జోసెఫ్ బ్యాంక్సుకు దీని మచ్చులను బంపి, "వూట్జ్" అని పేరు వ్రాసెను. 1795లో జార్జి పియర్సన్ ఆ సొసైటీలో దీనిని గూర్చి యుపన్యాసము చదివెను. తరువాత, విద్యుచ్ఛాస్త్రమున జగత్ప్రసిద్ధుడైన మైకేల్ ఫారడే 1819 మొదలు 1822 వఱకు స్టోడార్ట్ అను కత్తులపనివానితో గలిసి దీనివంటి యుక్కును చేయవలెనని ప్రయోగములు చేసెను. ఆ వూట్జ్ అను మాట తెలుగు కన్నడములకు సమానమైన "ఉక్కు" అను మాట యొక్క వికారమని పండితులు సాధారణముగా నంగీకరించినదే.

ఇచ్చట నొక్కింత నిలిచి యాలోచింతము. కత్తికి దమాస్కసు పేరు వచ్చినది. ఉక్కునకు చెడిన యుచ్చారణలో నొక పేరు వచ్చినది. కొన్న వర్తకుని పేరు నేటికిని గ్రంథములలో చెప్పుకొనుచున్నారు. కాని మూస మూత బిగించిన చేతి పేరు, ఇరువదినాలుగు గంటలు తిత్తియూదిన వాని పేరు, నేను చూచిన యే గ్రంథమునను లేదు. ఇది యొకరిపై నింద కాదు. ఆ పేర్లను వ్రాసియుంచవలసినవారిలో మనమును కలము.

అంగారము

ఇంతటి విద్య యేల నశించినది? మన పెద్దలు కొందఱు తల్లి కోపించినదందురు. ఉపన్యాసకులు కొందఱు ఆంగ్లేయులు రహస్యమును దొంగిలించిరందురు. ఈ రెండును వినుటకు సులభములు. నిజము ఇంతకంటె చిక్కైనది. బొగ్గును బట్టి చూచిన కొంత తెలియును.

కొలిమికి ప్రాణము కట్టెబొగ్గు. కరగిన ఇనుముకంటె కాలిన బొగ్గు పలురెట్లు. అడవి దగ్గఱనున్నంతకాలము కొలిమి నిలుచును. 19వ శతాబ్ది యుత్తరార్ధమున బ్రిటిషు సీమలో 1865లోను, 1878లోను అటవీశాసనములు వచ్చినవి. నిజాము రాజ్యమున గూడ అటవీశాఖ యేర్పడి నిలిచినది. చెట్టు కొట్టుటకు అనుమతి, బొగ్గు కాల్చుటకు రుసుము వచ్చెను. ఇంకొకవంక ఇంగ్లండులో రాతిబొగ్గుతో గొప్ప కొలుములు నడచి ఇనుము మిక్కిలి చవుకయయ్యెను. అచ్చటి షెఫీల్డులో బెంజమిన్ హంట్స్‌మన్ 1740 ప్రాంతముననే మూసయుక్కును సాధించియుండెను. 1856లో బెస్సెమర్ పద్ధతి వెలువడి, అరగంటలో టన్నులకొలది యుక్కు దిగుటకు దారి యేర్పడెను. 1874లో రైలు సికిందరాబాదునకు వచ్చెను. అంతట ఓడనుండి దిగిన ఇనుపకడ్డీ సంతలో చవుకగా దొరకగా, రైతు ముద్దయినుము నేల కొనును? నాగటికఱ్ఱు చేయు మన కమ్మరియే విదేశపు కడ్డీని కొనెను. ఈ సంగతిని దాచుకొననక్కఱలేదు.

ఉక్కునకు వచ్చిన దెబ్బ మఱియొకటి. కోనసముద్రపు బిళ్ళ ప్రధానముగా ఖడ్గమునకై పోయినది. తుపాకి వచ్చి కత్తి యలంకారమాత్రము కాగా, పారసీక వర్తకునకు మన గ్రామమునకు రావలసిన పని లేకపోయెను. ఒక్క బేరగానిపై నాధారపడిన వృత్తి ఆ బేరగాడు రానినాడు నిలువదు.

విదేశపు సరకు రాకమునుపే కొలుములు చల్లారిన చోట్లును కలవు. సామర్లకోటలో కుంఫిణీ వృక్షశాస్త్రజ్ఞుడుగా నుండిన బెంజమిన్ హెయిన్ 1795లో నూజివీడు సీమయందలి రమణక్కపేటలో ఇనుపపనిని జూచి వ్రాసెను. 1790–92 నాటి ఘోరక్షామమునకు ముందు ఆ యూరిలో నలువది కొలుములు, పెక్కండ్రు వెండిపనివారు, రాగిపనివారు సంపన్నులై యుండిరట. క్షామానంతరము మిగిలినవారు దరిద్రులై దీనస్థితిలో నుండిరట. నలువది కొలుములను చల్లార్చినది వర్షాభావము, ధాన్యాభావము. విద్య గలవాడు చనిపోయిన విద్యయు వానితో పోయెను; ఏలయన నది వాని చేతిలో తప్ప మఱియెచ్చటను లేదు.

ఇచ్చటనే మన తప్పును గూడ నొప్పుకొనవలెను. కొలిమి రహస్యమును తండ్రి కొడుకునకు, మామ యల్లునకు చెవిలో జెప్పెను, పుస్తకమున కెక్కింపలేదు. వృత్తిని కాపాడుకొనుట కది యవసరమై యుండవచ్చును. కాని శాస్త్రమైనచో ఒక తరము తప్పినను నిలుచును. రహస్యమైనచో ఒక్క క్షామముతో పోవును. ఫారడే మన యుక్కునకు ప్రశ్నలు వేయుచుండిన దినములలో, ఆ ప్రశ్నలకు జవాబెఱిగినవారు కోనసముద్రమున సజీవులై యుండిరి. నడుమ సముద్రముమాత్రమే కాదు, అక్షరము కూడ అడ్డుపడినది. వేదమును, వ్యాకరణమును వ్రాసికొన్న మావంటి సంస్కృతపండితులు కొలిమివాని మాటను వ్రాయదగినదిగా నెంచలేదు. ఆ దోషము నా కిటికీలోని ముద్దవఱకు సాగివచ్చినది.

భస్మము

మిగిలినదేమి? కొన్ని దిబ్బలు, కొన్ని పగిలిన మూసలు, గుడిలో తల్లి, కొన్ని కథలు, ఒక్క మాట.

కథలను గూర్చి యొక్క మాట చెప్పెదను. ఇనుము కరగించినవారిని గూర్చి హిందూదేశమున పలుతావుల కథలు కలవు. ఛోటానాగపురమునందలి ముండలు అసురులను పూర్వపు ఇనుపపనివారిని గూర్చి యొక గాథ చెప్పుకొందురు. అసురుల కొలుముల పొగకు లోకము తాళలేకపోగా, సింగబోంగా యను వారి దైవము బాలుడై వచ్చి, మాయచేసి, ఆ యసురులను వారి కొలిమిలోనే దహించెనట. మధ్యపరగణాల అగారియాలు లోహాసురుని తమ కొలిమిదైవముగా కొలుతురు. చరిత్రము వ్రాయనివారికి కథయే చరిత్రము. ఆ గాథలో పొగ కలదు, అడవి కలదు, కొలిమివారి నాశము కలదు. మన మమ్మాయి తల్లియు నట్లే. ఆమెను దేవతగా కొలుచువారు కొలుతురు. చరిత్రకారునకు ఆమె గని జాడ చెప్పు సాక్షి.

ఇక మాట. 1966లో విశాఖపట్టణమున ఉక్కుకర్మాగారము కావలెనని తెలుగువారందఱు నుద్యమించిరి. "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అని యూరూర వినబడినది. ఆ కేకలు వేసినవారిలో నెంతమందికి, ఆ మాటయే తమ తాతల కొలిమినుండి లండను విద్వత్సభ కెక్కినదని తెలియును? మాట నిలిచినది, మాట కర్థమిచ్చిన చేయి మఱుగుపడినది.

ఇప్పుడు దిబ్బలు గూడ పోవుచున్నవి. చిట్టెము గట్టిది గనుక బాటలకు పోయుదురు. చేను చదును చేయుటకు యంత్రములు వచ్చి దిబ్బ నొక పూటలో నెత్తికొనిపోవును. చెఱువు పూడిక తీయుచో మూసలు మట్టితో పోవును. ఎవరును చెడ్డతలంపుతో చేయుట లేదు. అది యేమో తెలియక చేయుచున్నారు. నేను నాడు తెలియక చేసినదియు నిదే.

కావున పోషకమహాశయులకును, సంఘసభ్యులకును మూడు విన్నపములు చేయుచున్నాను.

మొదటిది: ప్రతి గ్రామశాఖవారును తమ గ్రామమున చిట్టెపుదిబ్బ, మూసముక్కలు, మమ్మాయి గుడి యెచ్చట నున్నవో యొక పుస్తకమున నెక్కింపవలెను. ఛాయాచిత్రము తీసి, చేనివానికి విషయమును జెప్పి, సాధ్యమైనంత వఱకు దిబ్బను కదలింపకుండ జూడవలెను. పురావస్తుశాఖవారికి తెలుపుట మఱువరాదు.

రెండవది: కొలిమిపని చేసిన వృద్ధులు ఇంకను కొందఱున్నారు. తిత్తి, దాగలి, సమ్మెట, పట్టుకారు, మూస అను మాటలే కాక, వారి నోట నేటికిని నిలిచియున్న పనిమాటలు, పాటలు, మ్రొక్కులు వ్రాసికొనవలెను. వారి పేర్లను గూడ వ్రాయవలెను. పని వ్రాసి పేరు విడుచుట మరల నదే తప్పు.

మూడవది: మన సంఘము విద్యార్థివేతనములు ఇచ్చుచున్నది. వానిలో నొక్కటి లోహశాస్త్రమునో, పురావస్తుశాస్త్రమునో చదువు పిల్లవానికిగాని, పిల్లకుగాని కేటాయింపవలెను. కోనసముద్రపు మూసముక్కను సూక్ష్మదర్శినిక్రింద నుంచి చూచువారిలో మన యింటివారు నొకరుండవలెను.

దీనితో నొక హెచ్చరికయు. ఈ చరిత్రమును కేవలము కులగౌరవమునకై చెప్పుకొనరాదు. రాయి త్రవ్వినవారు, ఇసుక కడిగినవారు, బొగ్గు కాల్చినవారు, తిత్తులకు తోలు నిచ్చినవారు, సరకును మోసినవారు వేఱువేఱు కులములవారు. కొని దూరదేశముల కెక్కించినవారు అన్యమతస్థులు. ఒక్క యుక్కుబిళ్ళలో ఇందఱి చెమట కలదు. మూడింటికి రెండుగా గలిసినప్పుడుగదా ఇనుము ఉక్కైనది! మన గౌరవము ఆ కలయికలో మన పాలు ఎంతయో నిజముగా తెలిసికొనుటలో నున్నది, పరుల పాలును మనదని చెప్పుకొనుటలో లేదు.

నన్ను ప్రశ్న యడిగిన యా బాలుడు నేడెచ్చట నున్నాడో యెఱుగను. అతడిప్పుడు నడివయసువాడై, తనకు బిడ్డలు గలవాడై యుండును. ఈ సంచిక యెట్లో యతని చేతికి వచ్చినచో, నాయనా, నీవు తెచ్చినది రాయి కాదు. అది మీ చేనిలో నొకప్పుడు నిలిచిన కొలిమినుండి జాఱిన చిట్టెము. మీ తాత చెప్పిన పేరు సరియైనది. కాలు తగులనీయవద్దనుటయు సరియైనదే. ఆనాడు చెప్పవలసినది ఈనాడు చెప్పుచున్నాను, మన్నింపుము.

లోకాః సమస్తాః సుఖినో భవంతు.